3.4 రైలు ప్రయాణంలో మజిలీలు

మీరు సికింద్రాబాదు నుంచి ఢిల్లీకి రైలులో వెళ్తున్నారనుకుందాం. దారిలో భోపాల్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా వస్తాయి. అన్నిచోట్లా దిగితే డబ్బూ, ఓపికా చాలవు.

మజిలీని ఊరి పేరునుబట్టి ఎంచుకోకూడదు. మూడు విషయాలు గమనించాలి.

1. దూరం: భోపాల్‌లో దిగితే సాంచీ స్తూపం సుమారు 45 కిలోమీటర్లు. ఝాన్సీకి ఓర్ఛా ఇంకా దగ్గర, 20 కిలోమీటర్ల లోపే.

2. వారం: శుక్రవారం తాజ్‌మహల్ మూసి ఉంటుంది. ఆ రోజు ఆగ్రాలో దిగితే, దాన్ని చూడాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మీ అమ్మగారు గేటు దగ్గరి నుంచే వెనుదిరగాలి.

3. తిరుగు రైలు: మజిలీ నుంచి ముందుకు వెళ్లే రైలులో బెర్తు ముందే రిజర్వు చేసుకోవాలి.

ఆలోచించండి: వృద్ధులు వెంట ఉంటే, పై నాలుగు ఊళ్లలో ఏ రెండింటిని ఎంచుకుంటారు? కారణాలు రాయండి.