యంత్రము గీచిన పండ్లు ఏడా, ఎనిమిదా?

బాలలారా! “బుట్టలో ఏడు మామిడిపండ్లున్నవి, మూడు తీసివేసిన మిగులునవెన్ని?” అను లెక్కను బొమ్మతో సహా కల్పింపుమని కృత్రిమమేధను కోరినచో, లెక్క సరిగానే వచ్చియు, బొమ్మలో మాత్రము ఎనిమిది పండ్లు కనబడుట కలదు. ఎందుకు?

లెక్కను వ్రాయు భాషానమూనా యనునది అపారమైన గ్రంథరాశిని చదివి, ఒక మాట పిమ్మట ఏ మాట వచ్చుటకు అవకాశ మధికమో గణించి వాక్యములు కూర్చును. చిత్రములు గీయు నమూనాలలో పెక్కు, అర్థరహితమైన చుక్కల గందరగోళముతో ఆరంభించి, ఆ కలతను అంచెలంచెలుగా తొలగించుచు, తాము నేర్చిన చిత్రముల పోలికను రాబట్టునే కాని, పండ్లను ఒక్కొక్కటిగా లెక్కించి గీయవు. పండు నిగనిగలాడుటయే వానికి ముఖ్యము; ఎన్ని యనునది కాదు!

ఉపాయమేమనగా, బొమ్మను గాక, బొమ్మ గీయు ప్రోగ్రామును వ్రాయుమని భాషానమూనానే అడుగుట. “ఈ వృత్తమును ఏడుమార్లు గీయుము” అను ఆజ్ఞను కంప్యూటరు పొల్లుపోక పాటించును గనుక, అందము కొంత తగ్గినను సంఖ్య తప్పదు. ప్రోగ్రాములో ఆ అంకె సరిగా పడినదో లేదో చూచుటయు సులభము. అయినను, జవాబు వ్రాయుటకు ముందు బొమ్మలోని పండ్లను మీరే ఒకమారు లెక్కపెట్టుడు.