వైద్యుడును ఊరివారును



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రములైనవి. మహబూబాబాదున 2022లోను, తక్కిన రెండుచోట్ల 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. క్రొత్త వైద్యులు మన నడుమకు వచ్చుచున్నారు. వారికి ఇల్లు అద్దెకిచ్చువారము మనమే, కూరలమ్మువారము మనమే, జబ్బుపడి వారి యొద్దకు పోవువారమును మనమే. కావున రోగికిని వైద్యునికిని చికిత్స తప్ప వేఱు సంబంధమే కూడదనుట ఇచ్చట సాగెడి మాట కాదు. అది యెంతవరకు అనునదే ప్రశ్న.

ప్రశ్న ప్రాచీనమైనదే. రోగి యింట తెలిసిన సంగతులు వెలుపల చెప్పరాదనియు, భర్తగాని యింటి పెద్దగాని యనుమతింపక స్త్రీ యిచ్చినది గైకొనరాదనియు చరకసంహిత విమానస్థానమున శిష్యునకు నియమములు గలవు. రెండవదానిలో ఆనాటి సంఘపు వాసన యున్నది. మొదటిది మాత్రము చెక్కుచెదరలేదు. 2002 నాటి భారత వైద్యమండలి నియమావళియు రోగి రహస్యములను కాపాడుమనియే విధించినది. న్యాయాధిపతి యాజ్ఞ, ఒకానొక వ్యక్తికిగాని సంఘమునకుగాని తీవ్రమైన యపాయము, ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులు మినహాయింపులు. క్షయ 2012 నుండి అట్టి వ్యాధి. అయితే తెలుపవలసినది అధికారులకు, రచ్చబండకు గాదు.

ఇక కొంచెము నిష్ఠూరముగ మాటలాడెదను. పెండ్లి మాటలకు ముందు "సారూ, ఆ పిల్లకేమైన జబ్బున్నదా?" యని వైద్యుని చెవిలో నడుగుట మనలో కలదు. అడుగువారి యుద్దేశము చెడ్డది కాదు. కాని ఆయన "ఏమియు లేదు" అన్నను చిక్కే. రేపు మఱియొక పిల్లను గూర్చి ఊరకున్నచో, ఆ మౌనమే జబ్బున్నదని చాటును. అందుచేత ఎవరిని గూర్చి యడిగినను ఆయన "చెప్పరాదు" అనియే యనవలయును. దానిని గర్వమని తలపకుడు. ఆయన నోటిపై నమ్మకము లేనినాడు దగ్గుచున్న పిల్ల ఆసుపత్రికే రాదు; క్షయకు నెలల తరబడి యెడతెగక మందు పడవలయును గదా! వధూవరులు తమంతట తామే పరీక్షలు చేయించుకొని, కాగితములను తామే చూపుకొనవచ్చును.

చేలోని మక్కకంకులు నాలుగు తెచ్చియిచ్చుట ప్రేమ. అప్పిచ్చుట, భూతగాదాలో మధ్యవర్తిగ కూర్చుండబెట్టుట వేఱు. ఆ తగాదాలో ఓడినవాడు పాము కఱచిన రాత్రి ఆయన గడపయే త్రొక్కవలసి యుండును. సందేహించి వేఱొక ఊరికి పోయినచో ప్రాణముమీదికి వచ్చును.

అన్నట్టు, పెండ్లిపందిట విస్తరి ముందున్న వైద్యునికి మోకాలు చూపుటయు నాకు సరిపడదు. పదిమందిలో ఆయన అడుగవలసినవి యడుగలేడు, మనము ఉన్నది చెప్పలేము. మఱునాడుదయము చీటి వ్రాయించుకొని ఆసుపత్రిలోనే కనబడవచ్చును.