గోడ నీళ్లు తాగుతుందా?

వాన వెలిసి వారమైంది. అయినా గోడ అడుగున చెమ్మ, దానిపై తెల్లటి పొడి! ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా పిల్లలూ?

ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకి ఎక్కుతుంది కదా. ఇటుకలోనూ కంటికి కనబడని సన్నటి దారులుంటాయి. నేలలోని నీరు వాటి గుండా పైకి పాకుతుంది. చాలా గోడల్లో సుమారు మీటరు ఎత్తుకు చేరేసరికి గాలికి ఆరిపోతుంది. నీటితో వచ్చిన ఉప్పు మాత్రం అక్కడే మిగిలి, పలుకులు కట్టి, పూతను పెచ్చులుగా ఊడగొడుతుంది. ఆ తెల్ల పొడి అదే.

ఇలాంటి ఇటుక గోడల ఊరొకటి చూద్దాం. మలేసియాలో పినాంగ్ దీవిలోని జార్జ్ టౌన్ నగరం 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి పాత దుకాణపు ఇళ్లను ఇటుక, సున్నంతో కట్టారు. సున్నపు పూత నూలు చొక్కా లాంటిది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూయడమంటే వానకోటు తొడగడమే. దారి మూసుకుపోయిన చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. మంచి ఉద్దేశంతో చేసినా అది గోడకు కీడే.

మరి మందు? ముందు గోడ పక్కన పోగైన మట్టి తీసేయాలి, వాననీరు దూరంగా పారేలా చూడాలి. ఇందులో మీరూ సాయం చేయొచ్చు. సిమెంటు చెక్కేసి సున్నం పూయడం మాత్రం పెద్దల పని. తడి సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, ముట్టుకోకండి.