నేల పులిస్తే యూరియా చేటే

యూరియా ఎంత వేస్తే పంట అంత ఏపుగా వస్తుందన్న నమ్మకం ఆమ్ల నేలల్లో చెల్లదని రాంచీ సమీపాన కాంకేలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయ క్షేత్రం దశాబ్దాల క్రితమే రుజువు చేసింది. 1972లో అక్కడ మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగంలో ఏటా నత్రజని ఒక్కటే వేసిన మడుల్లో నేల మరింత పులిసి సోయాచిక్కుడు, గోధుమ దిగుబడులు పడిపోయాయి. నత్రజని, భాస్వరం, పొటాష్‌లతోపాటు సున్నం కూడా వేసిన మడుల్లో పంట నిలదొక్కుకున్నది.

ఉదజని సూచిక 5.5 కంటే తక్కువగా ఉన్న నేలలు దేశంలో సుమారు 2.5 కోట్ల హెక్టార్ల మేర ఉన్నాయని అంచనా. జార్ఖండ్, ఒడిశా, కేరళ, ఈశాన్య రాష్ట్రాలలో ఇవి అధికం.

నేలలో పడిన యూరియా మొదట అమ్మోనియంగా మారుతుంది. సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, ఆ పిమ్మట నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ క్రమంలో ఆమ్లం విడుదలవుతుంది. సాధారణంగా నైట్రైట్ ఎక్కువసేపు నిలవదు. అయితే యూరియా ఒకేచోట కుప్పగా పడితే, అక్కడ పెరిగిన అమ్మోనియా రెండో దశ సూక్ష్మజీవులను మందగింపజేయడంతో నైట్రైట్ పోగుపడుతుంది. అది చుట్టుపక్కల పుల్లని మట్టిలోకి చేరితే అందులో కొంత నైట్రస్ ఆమ్లమవుతుంది. ఉదజని సూచిక ఒక అంకె తగ్గితే ఈ ఆమ్లం పాలు సుమారు పది రెట్లవుతుంది. విద్యుదావేశం లేని ఈ అణువు లేతవేరు పొరలను సులభంగా దాటిపోగలదు. పొర దెబ్బతింటే మొలక భాస్వరాన్ని సరిగా గ్రహించలేదు. లోపలి పొటాషియం సైతం బయటికి కారిపోతుంది. ఆమ్ల నేలలో కరిగే అల్యూమినియం వేరు కొనలను మొద్దుబార్చి, భాస్వరాన్ని బంధించివేస్తుంది. గింజలోని నిల్వ అయిపోయి వేరుపైనే ఆధారపడవలసిన దశలో గోధుమ, బార్లీ మొలకలకు ఇది గడ్డుకాలమే. విత్తనం పడిన సాలులోనే యూరియా పోయరాదని చెప్పడం ఇందుకే.

ధరల తీరు మాత్రం రైతును యూరియావైపే నెడుతున్నది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువులపై నియంత్రణ ఎత్తివేసిన కేంద్రం యూరియాను తన అదుపులోనే ఉంచుకున్నది. 1991-92లో 5.9:2.4:1గా ఉన్న మూడు పోషకాల వాడకం నిష్పత్తి మరుసటి ఏడాదే 9.5:3.2:1కి చేరింది. ఆదర్శంగా చెప్పుకునేది 4:2:1. 2018లో 45 కిలోల యూరియా బస్తాకు పన్నులు, వేపపూత ఖర్చు కాక 242 రూపాయలు నిర్ణయించగా, 2022లో 50 కిలోల డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు పలికింది. చౌకగా దొరికేదే చేనికి చేరడంలో వింత లేదు.

విరుగుడు ఖరీదైనదేమీ కాదు. విత్తేటప్పుడు సాళ్లలో హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్ల సున్నం చాలునని శాస్త్రవేత్తల సిఫారసు. కేంద్రం ఎరువులకిచ్చే రాయితీలో సున్నానికి చోటు లేదు. బరువైన ఆ సరకును కొండప్రాంతాల మెట్ట చేలకు చేర్చే రవాణా ఖర్చు రైతు నెత్తినే పడుతున్నది.