నేరేడుపండ్లతో కాబ్లరు

మృగశిరకార్తె వెళ్లి ఆర్ద్ర ప్రవేశించునప్పటికి మన సూర్యాపేట వీధులలోనికి గంపలనిండ అల్లనేరేడు పండ్లు వచ్చును. బడులు తెరచిన మొదటి దినములవి. ఏ విద్యార్థి త్రోవలో చెట్టుక్రింద నిలిచెనో ఉపాధ్యాయుడు విచారింప నక్కరలేదు. హాజరు పలుకుటకు నోరు తెరచిన చాలును, నాలుకయే సాక్ష్యము చెప్పును. తినినవి పోగా రోడ్డుప్రక్కల రాలి బండ్ల చక్రములక్రింద నలిగిపోవునవి ఎన్నియో కలవు. ఆ పండ్లతో ఒక విదేశపు తీపివంటకమును మన యిండ్లలో చేయు విధమును ఈ వ్యాసమున వివరింప నెంచితిని.

దాని పేరు కాబ్లరు. ఇంగ్లీషులో ఈ మాటకు చెప్పులు బాగుచేయువాడను అర్థము కూడ నుండుటచేత, తరగతిలో నేను ఆ పేరు చెప్పినప్పుడు పిల్లలందరును నవ్విరి. వంటకమునకు ఆ పేరెట్లు వచ్చెనో పండితులు నేటికిని తేల్చలేదు. పండ్లను చక్కెరతో కలిపి, లోతైన పాత్రలో మెత్తని పిండితో జేర్చి, క్రిందను పైనను వేడి తగులునట్లు కాల్చిన అది కాబ్లరగును. అమెరికాదేశమున 19వ శతాబ్ది మధ్యభాగమునాటికే ఇది వాడుకలో నుండెను. పడమటి సీమలకు వలసపోయిన కుటుంబములకు ఇటుకపొయ్యిలు లేవు, చక్కని వంటసామాగ్రి లేదు. బరువైన ఇనుపపాత్రను నిప్పులపై నుంచి, అంచుగల మూతమీద మరికొన్ని నిప్పులు పోసి, దారిలో దొరకిన పండ్లతో దానిని కాల్చుకొనిరి. లేమిలో పుట్టిన వంటకమిది. క్రిందను నిప్పు, మూతపైనను నిప్పు అనగా మనకు క్రొత్త గాదు. హైదరాబాదు బిర్యానీని దమ్ము పెట్టువా రెరుగుదురు.

నాకు దీనితో పరిచయము కలిగిన విధమును చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట కోదాడలోని మా అక్కగారి యింటికి ఆమె కూతురి బిడ్డ అమెరికానుండి సెలవులకు వచ్చెను. తొమ్మిదేండ్ల పిల్ల. దానికి తెలుగు వినిన అర్థమగును గాని పలుకుట రాదు. మా అక్కగారికి ఇంగ్లీషు రాదు. ఇద్దరును ఒకరి మొగ మొకరు చూచుకొని నవ్వుకొనుటయే గాని మాట సాగదు. మొదటి వారమంతయు పిల్ల కంచము ముందు కూర్చుండి లేచిపోవుచుండెను. ఏమి చేసిపెట్టవలెనని అడిగినప్పుడు "బ్లూబెర్రీ కాబ్లర్" అనెనట. అక్కగారు ఆ మాటను రెండుమూడు మారులు పలికించుకొని, ఆ రాత్రి నాకు ఫోను చేసి, "అదేం కూరనే చెల్లె?" అని అడిగిరి. గొంతులో నవ్వు లేదు. మనుమరాలు మరల ఎన్నేండ్లకు వచ్చునో, వచ్చినప్పు డామె యుండునో లేదో యను తలంపు ఆ ప్రశ్నలో నాకు వినబడెను.

హైదరాబాదునుండి వచ్చు బంధువుచేత మంచుగట్టిన బ్లూబెర్రీల పొట్ల మొకటి తెప్పించితిమి. జూన్ నెల యెండలో బస్సుమీద కోదాడ చేరునప్పటికి అది నీలపురసముగా మారెను. వెల వినిన పిమ్మట అక్కగారు మరియొక పొట్లము మాట ఎత్తలేదు.

ఆ పండు మనయొద్ద ఏల పండదని పిల్లలు అడుగవచ్చును. బ్లూబెర్రీ పొదకు పులుపుగల నేల కావలెను. సాధారణమైన సారవంతపు భూమిలో అది క్షీణించిపోవుననియు, ఆమ్లగుణముగల నేలలోనే పెరుగుననియు అమెరికాలో ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పరిశోధించి 1910లో ప్రకటించెను. అది చదివి న్యూజెర్సీలోని ఎలిజబెత్ వైట్ అను వనిత అతనికి తన తోటలో చోటిచ్చెను. అంతవరకు బ్లూబెర్రీ అడవిపండే. ఆమె అడవిలో పండ్లేరువారికి కొలతరంధ్రముగల సాధనము నిచ్చి, ఆ రంధ్రమున పట్టనంత పెద్దపండ్లు కాయు పొదలను చూపినవారికి బహుమాన మిచ్చెడిది. అట్లు సేకరించిన పొదలనుండి పెంచిన తోటపండ్లు 1916లో మొదటిసారి అంగడి కెక్కెను. ఆ పొదకు చలికాలమున అనేకవారముల గట్టిచలియు కావలెను. మన చెలకలకును, రేగళ్లకును, మే నెల యెండలకును అది తాళజాలదు.

నేరేడు దానికి చుట్టము గాదు. జామయు, లవంగమును దీని వంశమువి. అయినను రెండు పండ్లకును నీలవర్ణము నిచ్చునవి ఆంథోసయనిన్‌లనబడు ఒకే జాతి రంజకద్రవ్యములు. పులుపు, తీపి, వగరు రెంటను గలవు. నేరేటిలో వగరు హెచ్చు, గింజ పెద్దది. అమెరికాకు బ్లూబెర్రీ కాలమైన జూన్, జూలై నెలలే మనకు నేరేటి కాలము. పేరు వేరైనను పని యొకటే గదా యని ధైర్యము చేసి, రెండుకిలోల పండ్లు కొని నేను కోదాడ పోయితిని.

మొదటి ప్రయత్నము పూర్తిగా చెడిపోయెను. చెడిన విధము తెలిసికొనుట వంట నేర్చుటలో సగముపని గనుక దానిని దాచను. పండ్లను ఇనుపమూకుటిలో నుడికించితిని. పిండి పొంగవలెనని వంటసోడా చేతికి వచ్చినంత వేసితిని. గంట గడచి మూత తీసి చూడగా, లోపల నున్నది నలుపు గాదు, ఆకుపచ్చ గాదు, బురదగుంటపై తేలు పాచివంటి రంగు. నడుమ పిండి పచ్చిగా నుండెను. పిల్ల దానిని చూచి మర్యాదకొరకు ఒక చెంచా నోట బెట్టుకొని నీళ్లు త్రాగెను. అక్కగారు ఏమియు ననక గిన్నెను పెరటిలోనికి తీసికొనిపోయిరి.

ఆ రాత్రి ఆలోచింపగా కారణము పాఠ్యపుస్తకముననే యున్నదని తోచెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు లిట్మసు కాగితమును ఆమ్లములో ముంచిన ఎరుపగుననియు, క్షారములో నీలమగుననియు ఎరుగుదురు. నేరేడురసమును అట్టిదే. నిమ్మరసము తగిలిన ఎర్రబారును; సోడావంటి క్షారము హెచ్చయిన నీలమై, పిదప ఆకుపచ్చవైపునకు తిరుగును. ఒక గ్లాసులో కొంచెము నేరేడురసము పోసి, చిటికెడు సోడా వేసి, తరువాత నిమ్మకాయ పిండి చూడుడు. ఇక నలుపునకు కారణము ఇనుము. వగరునిచ్చు టానిన్‌లు ఇనుముతో కలిసిన నల్లని ద్రవ్యము పుట్టును. పూర్వము కరక్కాయతోను అన్నభేదితోను సిరా చేసినది ఈ ధర్మముననుసరించియే. నేను మనుమరాలికి సిరా వండిపెట్టితి నన్నమాట! కావున నేరేటిని స్టీలుగిన్నెలోగాని పింగాణీగిన్నెలోగాని వండవలెను. ఇనుము, కళాయిలేని ఇత్తడి పనికిరావు.

సోడాకు బదులు బేకింగ్ పౌడరు వాడవలెను. ఇందు సోడాతోపాటు దానికి సరిపడు ఆమ్లలవణము పొడిరూపమున కలిసియుండును. తడియు వేడియు తగులగనే రెండును కలిసి బొగ్గుపులుసువాయువును విడిచి పిండిని పొంగించును. క్షారము మిగులదు, రంగు చెడదు. ఇంగ్లాండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవిక్రేత 1843లో దీనిని కనిపెట్టెను. భార్యకు ఈస్టు సరిపడనందున ఆమెకు రొట్టె చేసిపెట్టుటకే అతడు పూనుకొనెనట. ఇంటిలో నొకరు తినలేకపోవుటచేత పుట్టిన పొడి యిది.

ఇక సరియైన పద్ధతి. మెత్తబడి, నల్లగా నిగనిగలాడు పండ్లు అరకిలో కడిగి, చిన్నకత్తితో గింజచుట్టును కండను కోసి తీయవలెను. ఓపికతో గూడిన పని. చేతులు రెండుదినములు నీలముగా నుండును. మూడువందల గ్రాముల కండ వచ్చిన చాలును. దానిలో అరువది గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసము, చిటికెడు ఉప్పు, ఒక చిన్నచెంచా బియ్యపుపిండి కలిపి, స్టీలుగిన్నెలో సన్నని సెగపై అయిదునిమిషములు ఉడికింపవలెను. ఉప్పు వగరును అణచును. బియ్యపుపిండి రసమును చిక్కబరచును. రసము పలుచగా నున్నయెడల పిండిలోనికి దిగి నడుమ పచ్చిగా నిలుచును. నా మొదటి గిన్నెకు కలిగిన రెండవజాడ్యము ఇదియే. నిమ్మకాయలకు మన సీమలో కరవులేదు. నకిరేకల్లు నిమ్మ అంగడి ప్రసిద్ధమైనది. బియ్యపుపిండి మిర్యాలగూడనుండి మా వదినగారు పంపినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఎడమకాలువక్రింద వరి విస్తరించి, మిర్యాలగూడ బియ్యపుమిల్లుల ఊరైనది గదా.

అట్లయిన పిండి యంతయు బియ్యపుపిండియే వేయరాదా యని వదినగారు అడిగిరి. వేయరాదు. గోధుమలో తడి తగిలిన సాగెడు గ్లూటెన్ అను పదార్థమున్నది. వాయువును పట్టి నిలుపునది అదియే. బియ్యములో అది లేదు. పైపొర పొడిపొడిగా రాలిపోవును. నాలుగవవంతు కలిపిన మాత్రము అంచులు కరకరలాడును, అది నాకు ఇష్టము.

నూటయిరువది గ్రాముల మైదా, ఎనుబది గ్రాముల చక్కెర, ఒకటిన్నర చిన్నచెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి, నూటయేబది మిల్లీలీటర్ల పాలు పోసి, ఉండలు లేకుండ దోసెపిండివలె జారునట్లు చేయవలెను. ఎక్కువసేపు గిలకొట్టిన గ్లూటెన్ బిగిసి, కాబ్లరు అట్టవలె గట్టిపడును. జానెడు వెడల్పు, నాలుగువ్రేళ్ల లోతుగల స్టీలుగిన్నెలో అరువది గ్రాముల వెన్న కరగించి, దానిపై పిండి పోయవలెను. కలుపరాదు. పిండిమీద నేరేటికండను చెంచాతో అక్కడక్కడ జారవిడువవలెను. అప్పుడును కలుపరాదు. వేడి తగిలినకొలది పిండి పొంగి పండ్లనడుమనుండి పైకి లేచును, పండు లోనికి దిగును, వెన్న అంచులను వేయించును. చేతులూరక యుండని పిల్లలను ఈ సమయమున దూరముగా నుంచుట మంచిది.

ఓవెను గలవారు నూటయెనుబది డిగ్రీల వేడిలో నలువది, నలువదియైదు నిమిషములు కాల్చవలెను. మా అక్కగారి యింట ఓవెను లేదు. మందమైన పెద్దదాకలో రెండువ్రేళ్ల యెత్తున పొడియిసుక పోసి, మూత పెట్టి, పావుగంట వేడిచేసి, ఇసుకపై చిన్నపీట నుంచి, దానిమీద గిన్నెను పెట్టితిమి. మూతమీద పళ్లెమంత నిప్పులు పోసితిమి. నిప్పులు గల పొయ్యిని ఆరుబయటనే పెట్టుకొనవలెను. మూసిన గదిలో బొగ్గువాయువు ప్రాణాంతకము. ఏబదినిమిషములకు పైన గోధుమవన్నె వచ్చెను. శుభ్రమైన యీనెపుల్లను నడుమ పిండిలో గ్రుచ్చి తీయగా పిండి అంటలేదు. దించిన వెంటనే వడ్డింపరాదు. అరగంట చల్లారిన రసము చిక్కబడును.

పిల్ల రెండవగిన్నె వైపు మొదట అనుమానముగానే చూచెను. ఒక చెంచా తిని, ఇది బ్లూబెర్రీ కాదని స్పష్టముగా చెప్పెను, నిజమే. పిమ్మట రెండవచెంచా, మూడవచెంచా తినెను. మా అక్కగారు ఎదుట కూర్చుండి తామును తిని, పిల్ల చూచుచుండగా నాలుక వెళ్లబెట్టిరి. నీలముగా నుండెను. పిల్ల అద్దముకొరకు పరుగెత్తి తన నాలుక చూచుకొని, "అమ్మమ్మా, నాది కూడ!" అనెను. ఇల్లు చేరిన తరువాత ఆ పిల్ల నోట నేను వినిన మొదటి తెలుగుమాట అదియే. ఆ మరునాడు ఇద్దరును కలిసి గింజలు తీయుచు కూర్చుండిరి. అక్కగారు "నేరేడు" అనుటయు, అది "నేలేడు" అనుటయు పెరటినుండి నాకు వినవచ్చుచుండెను.

కొన్ని సంగతులు మిగిలినవి. నేరేడుగింజలపొడి మధుమేహమునకు మంచిదని పెద్దలు చెప్పుదురు. కాని ఈ వంటకమున చక్కెర నూటనలువది గ్రాములు గలదు, కావున ఆ రోగముగలవారు పండును ఆలోచించి కాబ్లరును మరువరాదు, చక్కెరను ఆలోచించి మానవలెను. నేరేటికొమ్మలు చూచుటకు లావుగా నున్నను పెళుసైనవి. పండ్లకై బాలురు చెట్టెక్కరాదు. క్రింద దుప్పటి పరచి గడకఱ్ఱతో రాల్చుకొనవచ్చును.

నేరేటికాలము నెలదినములకంటె మించి యుండదు. కండను తీసి చక్కెరతో నుడికించి మంచుపెట్టెలో గట్టకట్టించిన కొన్నినెలలు నిలుచును. వేసవిలో మామిడిపండు ముక్కలతో ఇదే పద్ధతిని చేయవచ్చును. అప్పుడు చక్కెర సగము చాలును. సీతాఫలముతో చేయబోకుడు, వేడి తగిలిన అది చేదగును. ఆ సంగతి మూడవగిన్నెకు తెలిసికొంటిమి.