సీజరు: చరిత్రమున, నాటకమున

జూలై మాసము పేరు పలికినప్పుడెల్ల, రెండువేల యేండ్లకు పూర్వము సభామధ్యమున హత్య గావింపబడిన యొక పాలకుని పేరు మనము పలుకుచున్నాము. జూలియస్ సీజరు క్రీ. పూ. 46లో రోమను పంచాంగమును సంస్కరించెను. తప్పిన లెక్కను సరిపుచ్చుటకై ఆ సంవత్సరమునకు 445 దినములు పట్టెను. అతనిని చంపినవారు ఆ పంచాంగమునుగాని, అతని పేరునుగాని తుడిచివేయలేకపోయిరి. వారు కోరిన స్వాతంత్ర్యమును సైతము నిలుపలేకపోయిరి. దీనికి కారణమేమి? చరిత్రమును నాటకమును వేర్వేరు త్రోవల నడచి యీ ప్రశ్నకు ఇంచుమించుగా ఒక్క సమాధానమునే చెప్పుచున్నవి.

ఈ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. షేక్స్పియరు నాటకములలో మొట్టమొదట మన భాషలోనికి వచ్చినది ఇదియే. 1870ల దశకమున వావిలాల వాసుదేవశాస్త్రిగారు దీనిని ‘సీజరు చరిత్రము’ అను పేర తేటగీతులలో తెనిగించిరి. మరణమును రంగస్థలమున చూపరాదనియు, కథ మంగళాంతము కావలెననియు మన ప్రాచీన నాటక సంప్రదాయము. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ‘విషాద సారంగధర’ వెలువడుటకు పూర్వమే యీ విషాదగాథ తెలుగైనది. చోడవరము వంటి మన పట్టణములలో తెల్లవారువఱకు పద్యనాటకములు చూచిన ప్రేక్షకులకు కృష్ణరాయబారమున వాక్చాతుర్యము యొక్క బలమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. సీజరు శవము చెంత ఆంటొనీ చేసిన ప్రసంగము అట్టి బలమునకే మఱియొక నిదర్శనము.

ముందు చరిత్రమును చూతము. క్రీ. పూ. 509లో రాజులను వెడలగొట్టితిమని గర్వించిన రోమనులకు ‘రాజు’ అను పదమే యసహ్యము. అట్టివారి నడుమ సీజరు రాజు పేరు లేకయే రాజ్యాధికారమును చేజిక్కించుకొనెను. గాలు దేశమున అతడు సాగించిన యుద్ధములలో పదిలక్షలమంది హతులైరని ప్లూటార్కు వ్రాసెను. క్రీ. పూ. 49 జనవరిలో సేనతో రూబికాన్ నదిని దాటి స్వదేశముపైననే కత్తిదూసెను. మఱుసటి యేట ఫార్సాలసువద్ద పాంపేని ఓడించెను. గెలిచిన పిదప శత్రువులను పలువురను క్షమించెను. క్షమింపబడిన వారిలో బ్రూటసు, కాసియసులే ముఖ్యులు. పేదలకును, విశ్రాంత సైనికులకును విదేశములందు వలసలు కల్పించెను. అతనికి నూతన బిరుదములను, విగ్రహములను, బంగారు పీఠమును సమర్పించినది ఎవరు? సెనేటు సభయే! క్రీ. పూ. 44 ఫిబ్రవరి నాటికి అతడు యావజ్జీవ నియంత. స్వేచ్ఛను ఒక్కడు దోచుకొనలేదు. కాపాడవలసినవారే సన్మానపత్రములతోపాటు దానిని సమర్పించిరి.

1599లో లండనున ప్రదర్శింపబడిన నాటకమునకు మూలము ప్లూటార్కు రచించిన జీవితచరిత్రల ఆంగ్లానువాదము. కవి కాలమును కుదించెను. క్రీ. పూ. 45 అక్టోబరునాటి జయోత్సవమును, నాలుగు నెలల తరువాతి లూపర్కాలియా పండుగను ఒక్క దినమున చేర్చెను. ఫిలిప్పీవద్ద ఇంచుమించు మూడు వారముల యెడముతో జరిగిన రెండు యుద్ధములను ఒక్కటి గావించెను. పాంపే కట్టించిన మందిరమున జరిగిన హత్యను కాపిటలునకు మార్చెను. సీజరునకు ఎడమచెవి వినబడదనుట కవికల్పితము. ప్రాచీనులు చెప్పినది మూర్ఛరోగమును గూర్చి. లోకమును కంపింపజేయు పురుషుడు దుర్బలదేహుడని చూపుటయే ఇందలి యుద్దేశము కాబోలును. నాటకము నడుమనే సీజరు మరణించును. కాని మరణించిన సీజరు బ్రదికియున్న సీజరుకంటె బలవంతుడగును. ప్రేతరూపమున బ్రూటసునకు కనబడును. తుదకు బ్రూటసు తన కత్తిపైననే పడునప్పుడు సీజరును తలచుకొనును.

ఇక హత్య. క్రీ. పూ. 44 మార్చి 15న అఱువదిమందికి పైబడిన కుట్రదారుల చేతులలో సీజరు 23 గాయములతో కూలెను. ఆ గాయములలో ఒక్కటి మాత్రమే ప్రాణాంతకమని పరీక్షించిన వైద్యుడు తెలిపెనని స్యుటోనియసు వ్రాసెను. హంతకులకు మఱునాటి కార్యక్రమము లేదు. నియంత మరణించిన వెంటనే స్వాతంత్ర్యము తనంతట తానే లేచివచ్చునని వారు తలంచిరి. ఇంతలో సీజరు మరణశాసనము బయటపడెను: నగరములోని ప్రతి పౌరునకు 300 సెస్టర్సులు, టైబరు నదీతీరమున తన యుద్యానములు ప్రజలపరము. ప్రజల కోపము హంతకులవైపు మరలెను. హెల్వియసు సిన్నా యనువాడు, మఱియొక సిన్నాతో పేరు కలిసినంతమాత్రమున, జనసమూహముచే చంపబడెను. నాటకములోను చరిత్రములోను ఈ నిరపరాధి యున్నాడు.

నాటకమున ఒక చిన్న ఘట్టము మఱువరానిది. తాను స్వేచ్ఛకొఱకే సీజరును చంపితినని బ్రూటసు వివరింపగా, జనులు హర్షధ్వానములు చేయుదురు. వారిలో నొకడు బ్రూటసునే సీజరును చేయుడని కేకవేయును! రాజును కోరవలదని చెప్పినవానికే రాజపదవి! చరిత్రములో దీనికి తీసిపోని సాక్ష్యము కలదు. సజీవుడై యుండగనే రోము నాణెములపై తన ముఖమును ముద్రింపజేసికొన్న మొదటి రోమనుడు సీజరు. అతనిని చంపిన బ్రూటసు, తన సేనకై ముద్రించిన నాణెముపై ఒకప్రక్క రెండు బాకులను, వాని నడుమ దాస్యవిముక్తుల టోపిని చెక్కించెను. రెండవప్రక్క తన ముఖమును చెక్కించెను!

క్రీ. పూ. 42లో ఫిలిప్పీవద్ద బ్రూటసు నశించెను. సీజరు దత్తపుత్రుడు ఆక్టేవియను 27లో అగస్టసు బిరుదమును వహించి చక్రవర్తియయ్యెను. ఆ అగస్టసు ముఖముగల వెండినాణెములు మన నల్లగొండ ప్రాంతమున అక్కనపల్లి నిధిలో సైతము దొరకినవి. బాకులు ఆపదలచిన ముఖము సముద్రము దాటి మన నేలవఱకు వచ్చినది.

ఇందు మనకేమి కలదు? 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కరు మహాశయుడు, రాజకీయములందు వ్యక్తిభక్తి పతనమునకును, తుదకు నియంతృత్వమునకును రాజమార్గమని హెచ్చరించెను. రోమనులకు ఆ మాట చెప్పినవారు లేకపోలేదు, విన్నవారు తక్కువ. సీజరులు తమంతట తాము పుట్టరు. దానము చేసినవానికి తన ఓటుహక్కును బహుమానముగ నిచ్చు పౌరుడు, ప్రశ్నింపవలసినచోట పూలదండ వేయు సభాసదుడు, వీరిరువురు వారిని కనుచున్నారు. ఒకని చంపి వీరిని మార్పజాలమని బ్రూటసు జీవితము చెప్పుచున్నది. పౌరుడు మారినచో చంపవలసిన పనియే యుండదని చెప్పుట మన వంతు.