విరిగిన ఉక్కు ఏం చెబుతుంది?

ఇంట్లో ఇనుప వస్తువు విరిగితే పాత ఇనుము కొట్టుకు వేస్తాం. లోహశాస్త్రం చదివినవారు మాత్రం ఆ ముక్కను భద్రంగా దాస్తారు! ఎందుకో తెలుసా?

1940లలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడల్లో కొన్ని చల్లని సముద్రంలో రెండుగా విరిగిపోయాయి. నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రేకులను పరీక్షిస్తే, చలికి ఆ ఉక్కు పెళుసెక్కుతుందని తేలింది.

ఓడరేవూ, ఉక్కు కర్మాగారమూ ఉన్న విశాఖపట్నానికి ఈ విద్య ఎంతో అవసరం. అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర ఇంజనీరింగు విభాగం ఉంది. ఇందులో పై చదువు చదివితే ఏ నేర్పులు అలవడతాయి?

మొదటిది, చూసే నేర్పు. ఉక్కును అద్దంలా నునుపుచేసి, నైట్రికామ్లం కొద్దిగా కలిపిన ఆల్కహాలుతో తడిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, లోపలి రేణువుల అమరిక కనిపిస్తుంది.

రెండవది, కారణం వెదికే నేర్పు. ఎర్రగా కాల్చిన కత్తి ఉక్కును నెమ్మదిగా చల్లారిస్తే మెత్తబడుతుంది. చటుక్కున నీటిలో ముంచితే గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. ఏది జరిగిందో ఆ అమరికే చెబుతుంది.

మూడవది, ముందుచూపు. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తే, అవి తాము తరిగిపోతూ ఉక్కును తుప్పు నుండి కాపాడతాయి.

ఈసారి విరిగిన ఇనుప ముక్క దొరికితే, చెయ్యి తెగకుండా పట్టుకుని, దాని అంచును భూతద్దంతో చూడండి. మీకేం కనిపించింది?